దానం ఎవరి గడప దగ్గర ఆగింది?

యెరూషలేములోని ఆది సంఘంలో ప్రేమకు కొదవ లేదు. పొలాలమ్మి ఆ సొమ్మును అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవారు అందులో ఉన్నారు. అయినా రోజూ జరిగే పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరిగింది (అపొ.కా. 6:1-6). లోటు కానుకల్లో లేదు, పంచడంలో ఉంది. అపొస్తలులు ఆ ఫిర్యాదును సణుగుడని కొట్టిపారేయలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేశారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే! ఎవరికి అందడం లేదో ఎరిగినవారికే పంపిణీ అప్పగించారన్నమాట.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు మన సంఘాలూ కదిలాయి. మంచిదే! కానీ రోడ్డు పక్కనున్నవారికి పొట్లాల మీద పొట్లాలు అందుతుంటే, సింగ్ నగర్ లోపలి వీధుల్లో మేడలెక్కిన కుటుంబాలు గుక్కెడు నీళ్ల కోసం ఎదురుచూశాయి. 2004 సునామీ తర్వాత నాగపట్టణం ప్రాంతంలో జరిగిందీ ఇలాంటిదే. దేశమంతటి నుంచి వచ్చిన పాత బట్టలు ఎవరికీ అక్కర్లేక రోడ్ల పక్కన గుట్టలుగా పడ్డాయి. ఇచ్చినవారికి తృప్తి మిగిలింది, అవసరం మాత్రం అలాగే ఉండిపోయింది.

వరద తీశాక అవసరమూ మారుతుంది. అప్పుడు కావలసింది పులిహోర పొట్లం కాదు. తడిసిన పరుపు, పాడైన స్టవ్, పిల్లల పుస్తకాలు. ముందు ఏది కొనాలో ఆ ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా మనకు తెలియదు. విజయవాడలో కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం 25 వేల రూపాయల సాయం ప్రకటించింది. దుకాణాలు తెరిచాక వస్తువుకన్నా డబ్బే మేలు చేస్తుంది. దాన్ని పేదలు పాడుచేస్తారన్న అనుమానం ప్రేమలో నుంచి పుట్టింది కాదు.

పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా నమ్మకమైనవారిని వెంట పంపే జాగ్రత్త తీసుకున్నాడు (2 కొరింథీ 8:18-21). లెక్క చూపడం అవిశ్వాసం కాదు, అదీ పరిచర్యే!

మనం మాత్రం బ్యానరు కట్టి, ఫొటో దిగి, మొదటి వారంలోనే చేతులు దులిపేసుకుంటున్నాం. ఈసారి విపత్తు వస్తే, కానుకలో సగం రెండో నెలకు దాచుదాం. పంచేముందు ఆ వీధివారినే అడుగుదాం: ఇంకా ఎవరికి అందలేదు? ఆ గడప దాకా నడుద్దాం. ప్రభువు మనకోసం ఎదురుచూసేది అక్కడే!