డోలీ – జీపు

సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగి పరిసరముల కొండలు రెండు పాత వాహనముల నెఱుగును. ఒకటి డోలీ, రెండవది జీపు.

డోలీకి చక్రములు లేవు. బలమైన కఱ్ఱకు దుప్పటిని ఉయ్యాలవలె కట్టి, రోగిని అందు పరుండబెట్టి, ఇద్దరు భుజములపై మోయుదురు. జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యము కొఱకు పుట్టినది. దాని యింజను శక్తి నాలుగు చక్రములకును అందును. కావున బురదలో ఒక జత జారినను రెండవ జత బండిని లాగును.

వేగమున డోలీ జీపునకు సాటిరాదు. కాని జీపునకు బాట కావలెను. డోలీకి కాలిదారి చాలును. ఇంతమాత్రమున డోలీని పొగడుట తగదు. పొగడువారు దానిని మోసినవారు కారు. ఈ మన్యమున గిరిజనులచే చాలీచాలని కూలికి బాటలు వేయించుట 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు ఒక కారణము. బాటల కొఱకు అంతటి కష్టము పడినవారి సీమలో, కొన్ని గూడెములవారు నేటికిని గర్భిణులను డోలీలో మోసికొనివచ్చి, రహదారి మొదలగు చోట వాహనమునకై వేచియుండుట అన్యాయము. వానకాలమున వాగు పొంగినచో ఆ డోలీయు ఆవలి యొడ్డుననే నిలిచిపోవును.