మతబోధయు మనస్స్వాతంత్ర్యమును

ఏటేట డిసెంబరు నెల వచ్చుసరికి సిద్దిపేట పరిసర గ్రామములనుండి క్రైస్తవ కుటుంబములు మెదకు చర్చికి బయలుదేరుట యెల్లరెరిగినదే. ఆ దినములలోనే మన పట్టణపు అంగళ్లయొద్దను, పల్లెల రచ్చబండలయొద్దను ఒక పాత వివాదము మరల తలయెత్తుచుండును. వీరు మన పేటలకు వచ్చి తమ మతమును చెప్పవచ్చునా యని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. మా ప్రభువు ఆజ్ఞను మేమెట్లు మీరుదుమని బోధకులు బదులు చెప్పుదురు. ఉభయులును తమ తమ హక్కులనుగూర్చి మాటలాడువారే గాని, వినువానినిగూర్చి తలచువారు కానరారు. మా యభిప్రాయమున ఈ వివాదమునకు తీర్పరి ఆ వినువాడే.

తాను నమ్మినదానిని పదిమందికి చెప్పుట మన దేశమున నేరముగ నెన్నడును ఎంచబడలేదు. గురువు రహస్యముగ నుపదేశించిన మంత్రమును గోపురమెక్కి యెల్లరకు వినిపించిన రామానుజుల కథను మనము భక్తితో చెప్పుకొందుము. పాల్కురికి సోమన బసవేశ్వరుని చరితమును జానుతెనుగున వ్రాసినది పండితులకొరకు మాత్రమే కాదు. అంత దూరమేల? నైజాము ప్రభుత్వము హవనములకును, ఊరేగింపులకును, ఉపన్యాసములకును అడ్డంకులు కల్పించినపుడు, 1938–39లో ఆర్యసమాజమువారు సత్యాగ్రహము సలిపి వేలకొలదిగ చెరసాలలకేగిరి. నాడు మనము కోరినది మతస్వాతంత్ర్యమే కదా! మనము కోరినపుడు హక్కైనది పొరుగువాడు కోరినపుడు అపచారమెట్లగును?

రాజ్యాంగ సభలోను ఈ చర్చ జరిగినది. 1948 డిసెంబరులో 'ప్రచారము' అను మాటను తొలగింపవలెనని కొందరు సభ్యులు వాదించిరి. మున్షీ మొదలగువారు దానిని సమర్థించిరి. ఆ మాట 25వ అధికరణమున నిలిచినది. తరువాత 1977లో స్టానిస్లాసు వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, ప్రచారహక్కనగా తన మతసిద్ధాంతములను వివరించి చెప్పు హక్కే గాని, అన్యుని మతము మార్చు హక్కు కాదని తీర్పు చెప్పినది. దీనిని బోధకులకు తగిలించిన సంకెలగా కొందరు తలతురు. మేమట్లు తలపము. చెప్పుట బోధకుని వంతు. స్వీకరించుటయో, త్రోసిపుచ్చుటయో వినువాని వంతు. ఆ రెండవ వంతును ఎవ్వరును అపహరింపరాదు. మా వాదమంతయు ఇంతమాత్రమే.

దానిని అపహరించువారిలో మొదట కొందరు బోధకులనే చెప్పవలసియున్నది. ఆకలిగొన్నవాని చెవి పూర్తిగ స్వతంత్రమైనది కాదు. ఈ సత్యమును బాగుగ గ్రహించిన క్రైస్తవుడొకడు మన తెలుగునాటనే యుండెను. ధాతనామ సంవత్సరమున ఆరంభమైన 1876–78 నాటి ఘోరక్షామమున ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి గిట్టించెను. బాప్తిస్మమిమ్మని జనులు వేడినను, కరవు సాయము జరుగుచున్నంతకాలము ఆయన నిరాకరించెను. సాయము ముగిసిన పిమ్మట, 1878 జులై 3వ తేదీన, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నముకొరకు వచ్చినవారని వారిని నిందించుటకుముందు, అన్నము పంచుట ఆగిన తరువాత వచ్చిరని గమనింపవలెను.

మన సీమలో ఛార్లెసు పోస్నెటు దొర కట్టించిన మెదకు చర్చి యున్నది. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఆ కట్టడము కరవుకాలమున ఎందరికో పనియు తిండియు కల్పించినది. పనికి కూలి యిచ్చుట మతమును కొనుట కాదు. కాని కూలికిని బాప్తిస్మమునకును నడుమ క్లౌ గీసిన గీత యెన్నటికిని చెరగరాదు. రోగిచేత మందు మాన్పించి ప్రార్థనయే చాలుననుట ఆ గీతను దాటుటయే. కొమురవెల్లి మల్లన్నకు మ్రొక్కి పట్నములు వేయించు కుటుంబము వాకిట నిలిచి వారి యిలవేల్పును తూలనాడుట బోధ యనిపించుకొనదు. పరుని దైవమును దూషింపక తన దైవమును స్తుతింపలేనివాడు తన దైవమునే చిన్నబుచ్చుచున్నాడు.

ఈ విషయమున గాంధీమహాత్ముడును, దోర్నకల్లు బిషపు అజరయ్యగారును ఏకీభవింపలేదు. సేవను మతమార్పిడికి ఎరగా చేయరాదని గాంధీజీ వాదము. తనకు దొరికిన మేలును పేదలకు చెప్పకుండుట తగదని అజరయ్యగారి వాదము. 1912లో ఆంగ్లికను సంఘమున బిషపుపదవి నందిన మొదటి భారతీయుడాయన. అట్టివాడు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని స్పష్టముగ పలికెను. సువార్తను చెప్పువాడు దేశద్రోహి యనువారు ఈ సంగతిని మరువరాదు.

ఇక మన భూస్వాములతోను, పట్టణవాసులతోను ఒక మాట. మాల మాదిగ పేటలు పరుల మాట ఏల వినినవో యెన్నడైన ఆలోచించితిరా? వెట్టిచాకిరి చేయించినదెవరు? గుడి వాకిలి మూసినదెవరు? బావి గట్టుమీద కాలు పెట్టనీయనిదెవరు? వారి బిడ్డలకు పలక పట్టించిన బడులలో అనేకములు మిషను బడులే. వారికి మందిచ్చిన మెదకు వైద్యశాల మిషను వైద్యశాలయే. మనము తలుపులు మూసికొని, ఇంకొకరు తలుపు తెరచినపుడు ఆక్రోశించుట న్యాయము కాదు. బాప్తిస్మము పొందినవానికి కూలి మాన్పించుట, నీరు కట్టివేయుట, ప్రార్థనకు కూడినవారిని బెదరించుట మొదలగు పనులు ధర్మరక్షణమని కొందరు భ్రమపడుచున్నారు. బియ్యపు మూటతో లోబరచుకొనుట తప్పైనచో, కర్రతో లోబరచుకొనుట ఒప్పెట్లగును? తిరిగి హిందూమతమునకు రమ్మని పిలుచువారికిని ఇదే నియమము. పిలువుడు, నచ్చచెప్పుడు, బలవంతము మాత్రము చేయకుడు.

వినువాని స్వేచ్ఛను హరించుటలో ప్రభుత్వమునకును పాలు లేకపోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల రక్షణలు హిందువులకు లభించినవి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రములలో అట్టి క్రైస్తవులకు వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున నూటికి 1 వంతు మాత్రమే కేటాయింపు. లాభమునకై మతము మారుచున్నారను నిందకు ఈ లెక్కయే సమాధానము. బాహాటముగ మారువాడు పొందుటకంటె కోలుపోవునదే యెక్కువ. అందుచే కొందరు ఆదివారము చర్చిలో నొక పేరును, కచ్చేరీలో మరియొక పేరును వహించుచున్నారు. పేదవానిచేత తన మనస్సునకు విరుద్ధముగ కాగితముమీద వ్రాయించు విధానము ఏ మతమునకు గౌరవము? ఊరివారు మతము మారినవానిని పాత కులము పేరుననే పిలుచుచుండగా, కాగితముమీద మాత్రము ఆ కులము మాసిపోయెననుట వింత గాదా?

2011 జనాభా లెక్కలనుబట్టి నేటి తెలంగాణ భాగమున క్రైస్తవులు నూటికి ఒకరికంటె కొంచెమెక్కువ. వేలయేండ్లు నిలిచిన ధర్మము ఇంతమాత్రమునకు కూలిపోవునని భయపడుట ఆ ధర్మమునందు విశ్వాసము లేమిని చాటుటయే యగును. మన ధర్మము గొప్పదని నమ్మినచో, పేట వాకిటికి మనమును పోయి చెప్పుదము. చెప్పుటకుముందు గుడి తలుపును, బావి గట్టును వారికి విడుదము. బోధకుడు తన సంచిలోని బియ్యమును ప్రక్కకుంచి మాటలాడవలెను. భూస్వామి తన చేతి కర్రను దింపి వినవలెను. ప్రభుత్వము తన కలముతో మనస్సాక్షికి వెల కట్టుట మానవలెను. అటుపిమ్మట ఆ పేటలోని మనుష్యుడు ఏ దైవమునకు చేతులు జోడించినను, అది అతని స్వంత నమస్కారము. దానిని గౌరవించుట మన యెల్లర విధి.