అక్షయపాత్రకూ ఒక నియమం ఉన్నది

అరణ్యవాసానికి బయలుదేరిన ధర్మరాజును విప్రులు అనుసరించారు. వారిని వెనుకకు పొమ్మనడానికి ఆయనకు మనసొప్పలేదు; పోషించడానికి చేతిలో ఏమీ లేదు. పురోహితుడైన ధౌమ్యుని ఉపదేశం మేరకు సూర్యభగవానుని ఆరాధించి అక్షయపాత్రను పొందాడు. ఈ కథ తెలియని ఆస్తిక గృహం ఉండదు. అయితే అందులో మనం అంతగా గమనించని విషయాలు రెండున్నాయి. ఆ వరానికి పన్నెండేళ్ల గడువు ఉన్నది. ప్రతిదినం ద్రౌపది భుజించేవరకే పాత్ర అన్నమిస్తుందన్న నియమమూ ఉన్నది. మూల్యం చెల్లించకుండా లభించిన సూర్యప్రసాదానికి సైతం గడువూ నియమమూ తప్పలేదు.

ఈ కథను నేడు స్మరించడానికి కారణం లేకపోలేదు. ముందుగా ఒక్క రూపాయి పెట్టనవసరం లేకుండా సౌరవిద్యుత్తు అమరుస్తామన్న మాట ఆలయాలు, వేదపాఠశాలలు, గోశాలలు, అనాథాశ్రమాల గడపలకు చేరుతున్నది. అది వరమా, ఋణమా? పాఠక మహాశయులలో ఆలయ కమిటీ సభ్యులూ, ధర్మకర్తలూ ఉంటారు కనుక ఈ ప్రశ్నను విచారించడం ఉచితం.

ఎండ సమృద్ధి, హుండీ స్వల్పం

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టభూములకు వరుణుడు కృపణుడైనా సూర్యుడు ఉదారుడే. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌరఫలకాలు సగటున రోజుకు సుమారు నాలుగు యూనిట్ల విద్యుత్తును ఇస్తాయి. వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లిని దక్షిణ భారతంలో తొలి సంపూర్ణ సౌరగ్రామంగా 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అక్కడ 480 ఇళ్లపై మూడేసి కిలోవాట్ల చొప్పున ఫలకాలు అమర్చారు. కేంద్ర సహాయానికి ఒక పరిశ్రమ విరాళం తోడైనందున అది సాధ్యమైంది.

మరి గ్రామదేవాలయం మాటేమిటి? కేంద్ర ప్రభుత్వం ఒకప్పుడు ఇళ్లతో పాటు ధర్మసంస్థలకు కూడా పైకప్పు సౌరవిద్యుత్తుకు సబ్సిడీ ఇచ్చేది. 2019లో ప్రారంభమైన రెండవ దశలో ఆ సహాయం నివాసగృహాలకే పరిమితమైంది. 2024 నాటి పీఎం సూర్యఘర్ పథకమూ గృహాల కోసమే. తిరుమల వంటి మహాక్షేత్రం 2002 నాటికే సౌర ఆవిరితో అన్నప్రసాదాలు వండే వ్యవస్థను నెలకొల్పగలిగింది. ధూపదీప నైవేద్య పథకం సొమ్ముతో నిత్యపూజ సాగించే ఆలయానికి అంతటి స్తోమత ఎక్కడిది?

కంపెనీకి లాభమెక్కడ?

ఈ ఖాళీలోకే రెస్కో అనే పద్ధతి ప్రవేశించింది. కంపెనీ తన సొంత సొమ్ముతో ఫలకాలు అమరుస్తుంది. వాటి యాజమాన్యం, నిర్వహణ దానివే. ఆలయం చోటు ఇచ్చి, ఉత్పత్తి అయిన ప్రతి యూనిట్‌కూ ఒప్పుకున్న ధర చెల్లిస్తుంది. ఒప్పందం సాధారణంగా పదిహేను మొదలు ఇరవై ఐదేళ్లు.

ఇందులో ఒక న్యాయమైన మెలిక ఉన్నది. ఫలకాలు కొన్న కంపెనీకి వాటి తరుగుదల మీద ఆదాయపు పన్నులో వెసులుబాటు లభిస్తుంది. పన్ను కట్టని ధర్మసంస్థ తానే కొంటే ఆ వెసులుబాటు దానికి అక్కరకు రాదు. కాబట్టి కంపెనీ కొని, ఆ ప్రయోజనంలో కొంత ధర తగ్గింపు రూపంలో ఆలయానికి పంచితే ఇరువురికీ మేలు. పదేళ్లకో పన్నెండేళ్లకో ఇన్వర్టర్ మార్చవలసి వచ్చినా ఆ భారం కంపెనీదే. ఇంతవరకు మంచిదే.

లెక్క చూడవలసిన చోట్లు

తెలంగాణలో కేవలం ధార్మిక స్థలాలకు ప్రత్యేకమైన విద్యుత్ వర్గం ఉన్నది. దాని రేటు వాణిజ్య రేటు కన్నా తక్కువ. కంపెనీ చెప్పే ధర వాణిజ్య రేటుతో పోలిస్తే చౌకగా కనిపించవచ్చు. గుడి మీటరు రేటుతో పోలిస్తే నష్టమే కావచ్చు. కల్యాణమండపానికో, దుకాణాలకో లాభించే ఒప్పందం గర్భాలయ దీపానికి లాభించకపోవచ్చు.

ఏటేటా ధర పెరిగే షరతును మరింత శ్రద్ధతో చూడాలి. ఉదాహరణకు యూనిట్ ఐదు రూపాయలతో మొదలై ఏటా మూడు శాతం పెరిగితే, ఇరవై ఐదవ ఏట అది పది రూపాయలు దాటుతుంది. సంతకం చేసిన కమిటీ అప్పటికి ఉండదు. దేవుడుంటాడు, బిల్లు ఉంటుంది.

వేళల సంగతి మరొకటి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చాలా ఆలయాల తలుపులు మూసి ఉంటాయి. మన దీపాలు వెలిగేది ప్రాతఃకాలంలో, ప్రదోషంలో. అందుచేత మధ్యాహ్నపు మిగులును విద్యుత్ సంస్థ లెక్కగట్టుకొనే నెట్ మీటరింగ్ లేనిదే ఈ ఏర్పాటు నిరర్థకం.

స్థలనిర్ణయంలో ఆగమమర్యాద పాటించాలి. విమానం మీద గాని, శిఖరాన్ని మించిన ఎత్తున గాని ఫలకాలు తగవు. అన్నదాన సత్రం, గోశాల, వాహనాల షెడ్డు పైకప్పులు యోగ్యం. అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి కేంద్రరక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలకు నిషేధం ఉన్నదని మరువరాదు. 1987 నాటి దేవాదాయ చట్టం కింద ఉన్న ఆలయాలు శాఖవారి లిఖితపూర్వక అనుమతి పొందిన పిదపనే ఒప్పందానికి పూనుకోవాలి.

పూర్వుల మార్గం

ముందుగా ఖర్చు లేకుండా వెలుగును పొందే ఉపాయం మన ఆలయాలకు కొత్త కాదు. ద్రాక్షారామ శాసనాలు చదివినవారికి ఇది విదితమే. అఖండదీపం నిమిత్తం దాత గొర్రెలనో ఆవులనో సమర్పించేవాడు. ఆలయం వాటిని మేపేది కాదు. ఒక బోయకు అప్పగిస్తే, అతడు పాడిని అనుభవిస్తూ నిత్యం కొలిచినంత నెయ్యి దీపానికి తెచ్చేవాడు. ఆచంద్రార్కం సాగాలని శిలపై చెక్కించేవారు. ఎవరి ధర్మం ఏమిటో రాతి మీద స్పష్టంగా ఉండేది.

నేటి పద్ధతికీ దానికీ భేదం ఒక్కటే. నాడు మూలధనం దానం. కనుక నెయ్యికి ఆలయం వెల చెల్లించలేదు. నేడు మూలధనం వ్యాపారం. కనుక వెలుగుకు వెల ఉన్నది. వ్యాపారం దోషం కాదు. దానిని దానమని భ్రమించడమే దోషం.

అందువలన నా విన్నపం ఇది. చిన్న ఆలయానికి రెండు మూడు కిలోవాట్లు చాలు. భక్తులు తలా ఒక ఫలకం దానం చేస్తే, కొంత సొమ్మును ఇన్వర్టర్ మార్పిడికై నిధిగా ఉంచితే, ఋణం లేని సౌరదీపం వెలుగుతుంది. అన్నదాన సత్రాలు, విద్యార్థి వసతులు గల పెద్ద సంస్థలు రెస్కోను స్వీకరించవచ్చు. కాని ధర, పెంపు, గడువు, మధ్యలో విరమిస్తే చెల్లించవలసిన మొత్తం, గడువు తీరాక ఫలకాలు ఎవరివన్న సంగతి తెలుగులో వ్రాయించి, నోటీసు పలకపై ఉంచి, ఊరందరికీ చదివి వినిపించిన తరువాతే సంతకం చేయాలి.

పాత్ర కడిగి బోర్లించిన తరువాతనే దూర్వాసుడు వచ్చాడు. అప్పుడు శ్రీకృష్ణుడు ఆదుకున్నాడు. మనం చదవకుండా చేసిన సంతకాలకు సైతం ఆయననే రమ్మనడం భక్తి అనిపించుకోదు.

స్వస్తి.