సముద్రం మధ్యలో ఒక మామూలు ఊరు

అండమాన్ అనగానే తెలుగువాళ్ల కళ్ల ముందు రెండే బొమ్మలు మెదులుతాయి. పాతతరానికి అది కాలాపానీ, సెల్యులార్ జైలు. కొత్తతరానికి నాలుగు రోజుల ప్యాకేజీ టూరు, తెల్లటి ఇసుక, నీలం నీళ్లు. ఈ రెండు బొమ్మల నడుమ లక్షకు పైగా జనాభా ఉన్న ఒక మామూలు ఊరు, దాన్ని అంటిపెట్టుకున్న పల్లెలు నలిగిపోతున్నాయి. ఆ ఊళ్లో జనం పొద్దున్నే కుళాయి వస్తుందా రాదా అని చూస్తారు, పిల్లల్ని బడికి పంపుతారు, ఆఫీసు టైముకు ఫెర్రీ అందుకోవడానికి పరుగెడతారు. ఏ మధ్యస్థాయి ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే. ఒక్క తేడా ఏమిటంటే, ఈ ఊరికి పక్క ఊరు లేదు.

ఆ తేడా చిన్నదేమీ కాదు. శ్రీకాకుళాన్నే తీసుకోండి. జనాభాలో ఇంచుమించు పోర్ట్‌బ్లెయిర్ లాంటిదే. అక్కడ దొరకని వైద్యానికి, పెద్ద చదువుకు, కోర్టు పనికి విశాఖపట్నం ఉంది. బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరుకోవచ్చు. మధ్యస్థాయి ఊళ్లు హాయిగా బతకడంలోని రహస్యం ఇదే: అద్దెలు, రద్దీ చిన్న ఊరివి, అవసరానికి ఆదుకునే పెద్ద ఊరు చేతికందే దూరంలో. పోర్ట్‌బ్లెయిర్‌కు ఆ పెద్ద ఊరు సముద్రం అవతల ఉంది. అక్కడి నుంచి చెన్నై, విశాఖలు సుమారు 1,200 కిలోమీటర్లు, కోల్‌కతా అంతకంటే కాస్త ఎక్కువ. ఓడలో అయితే రెండున్నర రోజుల పైమాటే. అందుకే అక్కడివాళ్లు భారతదేశాన్ని పేరుపెట్టి పిలవరు, 'మెయిన్‌ల్యాండ్' అంటారు. పెళ్లి బట్టలకైనా, గుండె ఆపరేషన్‌కైనా వెళ్లేది 'మెయిన్‌ల్యాండ్'కే.

ఈ ఊరి గురించి తెలుగు పాఠకుడు పట్టించుకోవడానికి బలమైన కారణం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 13 శాతం పైచిలుకు, అంటే దాదాపు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. దీవుల జనంలో అరవై శాతానికి పైగా దక్షిణ అండమాన్ జిల్లాలోనే ఉన్నారు. ఆ జిల్లాకు పోర్ట్‌బ్లెయిర్, ఫెరార్గంజ్, లిటిల్ అండమాన్ అని మూడు తహసీళ్లు.

తెలుగువాళ్లు అక్కడికి మొదట ఇష్టపడి వెళ్లలేదు. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో మొదలైన ఆ శిక్షాస్థలంలో మన్యం తిరుగుబాటు ఖైదీలూ మగ్గారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి కూడా అండమాన్ చూసినవారే. అయితే ఈ రోజు అక్కడున్న తెలుగు కుటుంబాల్లో అత్యధికం స్వాతంత్య్రం తర్వాత పొట్ట చేతపట్టుకుని ఓడెక్కినవాళ్లవి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలల వెంట వెళ్లినవాళ్లు కొందరు, రోడ్లు, జెట్టీలు, భవనాలు కట్టే కూలిపనికి వెళ్లినవాళ్లు మరికొందరు. జంగ్లీఘాట్ చేపల జెట్టీ దగ్గర నిలబడితే సిక్కోలు యాస చెవిన పడటంలో వింతేమీ లేదు.

బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం భూమి ఇచ్చి మరీ ఊళ్లు కట్టించింది. 1942కు ముందు నుంచీ ఉన్న కుటుంబాలకు 'ప్రీ-42' అన్న ప్రత్యేక గుర్తింపు ఉంది. కూలికో, కొలువుకో ఆలస్యంగా వచ్చినవాళ్లకు అలాంటి పెద్దరికమేమీ దక్కలేదు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట చోటు లేదన్నట్టు, ఊరిని కట్టిన చేతులకు ఆ ఊళ్లో సొంత జాగా సంపాదించడమే కష్టమైంది. దీవుల్లో అత్యధిక భాగం అడవే. సాగుకు, నివాసానికి మిగిలేది కాస్తంత నేల.

ఈ ఊరి అసలు రూపం పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారులో కన్నా ఫెరార్గంజ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1923 నుంచి 1931 దాకా చీఫ్ కమిషనర్‌గా ఉన్న ఎం.ఎల్.ఫెరార్ పేరు మీద వెలసిన ఊరది. శిక్షాస్థలాన్ని కాపురాల స్థలంగా మార్చాలని బ్రిటిష్ ప్రభుత్వం తలపెట్టిన కాలం. ఉత్తరాది నుంచి తెచ్చిన, అప్పటి ప్రభుత్వం 'నేరస్థ జాతి' అని ముద్రవేసిన భాంతులను ఫెరార్గంజ్ ప్రాంతంలో స్థిరపరిచారు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత పట్టుబడ్డ మాప్పిళ్లలను దక్షిణ అండమాన్ పల్లెల్లో దింపారు. వాళ్లు ఊళ్ల పేర్లు కూడా వెంట తెచ్చుకున్నారు. అందుకే అక్కడ ఒక కాలికట్, ఒక మంజేరి, ఒక తిరూర్ ఉన్నాయి. ఎవరో ఒకరు ఎక్కడి నుంచో తెచ్చి నాటిన మొక్కలే అక్కడి ఊళ్లన్నీ.

ఫెరార్గంజ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి తుష్నాబాద్, సిప్పీఘాట్ మీదుగా ఖాతాన్ని చుట్టివచ్చే రోడ్డు. రెండోది వింబర్లీగంజ్ మీదుగా బాంబూఫ్లాట్ చేరి, అక్కడ వాహనాలతో సహా ఫెర్రీ ఎక్కి ఛాథంలో దిగే దారి. 1883లో పెట్టిన రంపపు మిల్లు ఉన్న ఛాథం అదే. నీటి మీద దూరం చాలా తక్కువ, గట్టిగా పావుగంట. కానీ ఆ పావుగంట ఫెర్రీ టైము మీద, వాతావరణం మీద, వాహనాల వరస మీద ఆధారపడి ఉంటుంది. ఫెర్రీ తప్పితే రోజు తప్పినట్టే. అంటే పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై ఎలాంటిదో, ఫెరార్గంజ్‌కు పోర్ట్‌బ్లెయిర్ అలాంటిది. ఆధారపడటం అనేది అక్కడ మెట్లుమెట్లుగా సాగుతుంది.

ఆ మెట్ల చివర మరో లోకం ఉంది. ఫెరార్గంజ్ దాటి కొంతదూరం వెళితే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు. అక్కడి నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల అభయారణ్యం గుండా సాగుతుంది. వాహనాలు నిర్ణీత సమయాల్లో, పోలీసు కాపలాతో, కాన్వాయ్‌గా మాత్రమే కదలాలి. కొన్ని వందల మంది మాత్రమే మిగిలిన జారవాల రక్షణ కోసం ఆ రోడ్డును అడవి భాగంలో మూసేయాలని 2002 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు మాత్రం మూతపడలేదు. మధ్య, ఉత్తర అండమాన్ రైతులకు, రోగులకు అదే ప్రాణాధారమన్నది ఒక వాదన. ఒక జాతి బతుకు మీద నుంచి బస్సులు నడిపే హక్కు ఎవరికుందన్నది మరో వాదన. మెయిన్‌ల్యాండ్‌లోని మధ్యస్థాయి ఊళ్లలో బైపాస్ రోడ్డు మీద వాదోపవాదాలు జరుగుతాయి. ఇక్కడి రోడ్డు వివాదం వేల ఏళ్ల నాటి జాతికీ, నిన్నమొన్న వచ్చిన ఊరికీ మధ్య.

ఇక నీళ్ల సంగతి. ఈ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రాయలసీమ రైతు వింటే అసూయపడే లెక్క. దేశంలోకి నైరుతి రుతుపవనాలు తొలిసారి తలుపు తట్టేది ఇక్కడే, కేరళ కంటే ముందే. అయినా ఫిబ్రవరి దాటితే పోర్ట్‌బ్లెయిర్‌లో కుళాయిలు రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వ్యవధిలో వస్తాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. కొండ నేల, పొట్టి వాగులు. పడిన నీరు పడినట్టే సముద్రంలో కలుస్తుంది. దాన్ని ఆపే పెద్ద ఏర్పాటు ధనీఖారీ ఆనకట్ట ఒక్కటే. అదీ 1970ల నాటిది. అప్పటి ఊరికి సరిపోయిన చెరువు నేటి ఊరికీ, దాని మీద వచ్చిపడే పర్యాటకులకూ కలిపి సరిపోవాలి. 2023 జూలైలో ఇక్కడి విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. దాని సామర్థ్యం ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులు. దీవుల మొత్తం జనాభా నాలుగు లక్షలు. వచ్చేవాళ్లకు ద్వారం పెద్దదైనంత వేగంగా ఉన్నవాళ్ల బిందె పెద్దది కాలేదు.

నీరు ఒక్కటే కాదు. ఉల్లిపాయ నుంచి సిమెంటు బస్తా దాకా చాలా సరుకులు ఓడలో రావాలి. తుపాను పట్టి ఓడ ఆలస్యమైతే ఆ వారం కూరగాయల ధర ఆకాశంలో ఉంటుంది. కరెంటు కూడా చాలావరకు డీజిలు కాల్చి పుట్టించేదే, ఆ డీజిలూ ఓడలోనే రావాలి. కొంతలో కొంత మెరుగుపడింది ఇంటర్నెట్. ఒకప్పుడు ఒక ఫోటో తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు. చెన్నై నుంచి సముద్ర గర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించాక ఆ బాధ తీరింది. గడియారంతో మాత్రం ఇంకా రాజీ కుదరలేదు. దేశమంతటికీ ఒకే టైము కావడంతో డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆఫీసు వదిలేసరికి చీకటి.

జబ్బు చేసినప్పుడు ఈ ఊరి కొలత కచ్చితంగా తెలుస్తుంది. జి.బి.పంత్ ఆస్పత్రి ఉంది, 2015లో వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా క్లిష్టమైన కేసయితే చెన్నైకో, కోల్‌కతాకో పంపాల్సిందే. విమానం టిక్కెట్టు, అక్కడ బస, తోడు వెళ్లినవాళ్ల కూలి నష్టం అన్నీ కలిపితే జబ్బు కంటే ప్రయాణమే భారమవుతుంది. న్యాయం కూడా అంతే. హైకోర్టు కోల్‌కతాది, సర్క్యూట్ బెంచి మాత్రం ఇక్కడ కూర్చుంటుంది. దశాబ్దాల పాటు ఇక్కడి కళాశాలలు పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచాయి. చట్టసభ లేదు. లోక్‌సభకు ఒక్క సభ్యుడు, పైన లెఫ్టినెంట్ గవర్నర్. సొంత ఎమ్మెల్యేను తిట్టుకునే సుఖం కూడా లేని ఊరిది.

అందుకే అక్కడ మునిసిపల్ ఎన్నిక పెద్ద ఎన్నిక. 2022లో పోర్ట్‌బ్లెయిర్ మునిసిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం రెండు వార్డులు గెలిచింది. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో ఆ పార్టీ కౌన్సిలర్ ఎస్.సెల్వి ఛైర్‌పర్సన్ అయ్యారు. ఆంధ్ర పత్రికలు దీన్ని విశేషంగా రాశాయి. తెలుగు ఓటుకు ఆ ఊళ్లో విలువ పెరిగిందనడానికి అది నిదర్శనమే. కానీ ఓటుకు వచ్చిన విలువ భాషకు వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ దీవుల ఉమ్మడి భాష హిందీ. బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ, రాంచీ, కరెన్ కుటుంబాల పిల్లలు వీధిలో కలుసుకుంటే ఎవరి భాషా పనికిరాదు, హిందీ ఒక్కటే పనికొస్తుంది. దీని వల్ల మంచి జరిగింది. కులం, ప్రాంతం అడక్కుండా స్నేహాలు, పెళ్లిళ్లు జరిగే వాతావరణం ఏర్పడింది. 'మినీ ఇండియా' అని నాయకులు ఉపన్యాసాల్లో చెప్పేది ఉత్త మాట కాదు. అయితే దాని ఖర్చు కూడా ఉంది. తాత తెలుగులో పలకరిస్తే మనవడు హిందీలో జవాబిస్తాడు. తెలుగు మాధ్యమంలో ప్రభుత్వ బడి ఉన్నా, పై చదువు, ఉద్యోగం హిందీ, ఇంగ్లిషుల్లోనే అయినప్పుడు తండ్రి పిల్లవాణ్ణి ఎటు పంపుతాడో వేరే చెప్పాలా? హైదరాబాదులో తెలుగు పోతోందని బాధపడేవాళ్లకు ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే హైదరాబాదు పిల్లవాడి చుట్టూ సినిమా, బస్సు బోర్డు, అమ్మమ్మ ఊరు ఉంటాయి. ఇక్కడి పిల్లవాడికి అమ్మమ్మ ఊరు ఓడ ప్రయాణం. ఆ ఓడల్లోనూ చెన్నై, కోల్‌కతాల తర్వాతే విశాఖ. విశాఖకు ఓడ తరచుగా నడపడం వల్ల మిగిలేది సరుకు రవాణా ఒక్కటే కాదు, ఒక భాష కూడా.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ దగ్గర వరిమళ్లలోకి వచ్చిన సముద్రం తిరిగి వెళ్లలేదు. రోడ్డు పక్కన మొన్నటి పొలాలు నేటికీ ఉప్పునీటి మడుగులే. కాళ్ల కింద నేల కుంగినా జనం ఊరు వదలలేదు. కూలికి వచ్చినవాళ్లయితే ఆ రోజే ఓడెక్కి వెళ్లిపోయేవారు. ఉండిపోయారంటే అది వాళ్ల ఊరైపోయిందనే అర్థం. ఆ లెక్కన చూస్తే వాళ్లను ఇంకా 'వలస వచ్చినవాళ్లు' అనడం అన్యాయం.

2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చింది. తెలుగు చెవికి అది విజయనగరం పక్కన ఏ బస్సు స్టాపులోనో వినపడే పేరులా ఉంటుంది. పరాయి దొర పేరు పోయినందుకు సంతోషించేవాళ్లున్నారు, పాత పేరుతోనే పిలుచుకునేవాళ్లూ ఉన్నారు. దొర పేరుతోనే ఉన్న ఫెరార్గంజ్‌లో మాత్రం జనం ఎప్పటిలాగే బాంబూఫ్లాట్ ఫెర్రీ టైము చూసుకుంటున్నారు. పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. రెండో ఆనకట్టకు, రాత్రి కూడా నడిచే ఫెర్రీకి, గుండెజబ్బుకు ఊళ్లోనే వైద్యానికి, విశాఖకు నిలకడగా నడిచే ఓడకు చాలా ఉత్తర్వులు కావాలి. అవి వచ్చిననాడు ఆ ఊరు నిజంగా మధ్యస్థాయి నగరమవుతుంది. ఏ ఊరి స్థాయి అయినా చివరికి తేలేది అక్కడివాళ్లు దేనికోసం ఊరు వదలాల్సి వస్తోందన్న దాన్ని బట్టే.