కొననివాళ్ల బజారు

హైదరాబాద్‌లోని ఆబిడ్స్ అంటే ఏ నవాబు పేరో అనుకునేవాళ్లు మా ఆస్పరి వైపు ఇంకా ఉన్నారు. నవాబు కాదు, అంగడాయన. ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా యూదుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండేవాడు. ప్రభువు దుస్తులు, జోళ్లు చూసుకోవడం అతని పని. వేసిన బట్ట మళ్లీ ముట్టడని పేరుపడ్డ ప్రభువు దగ్గర అదేమీ చిన్న ఉద్యోగం కాదు. నిజాం పక్కన పడేసినవే ఆబిద్ అంగడికి చేరి, తిరిగి నిజాంకే అమ్ముడుపోయేవని ఒక కథ. నిజమెంతో గాని, చెప్పేవాళ్లు మాత్రం ముచ్చటపడి చెబుతారు. ఏమైతేనేం, వీధికి కొలువుకాడి పేరే నిలిచింది.

1908లో మూసీ పొంగి పాతబస్తీని ముంచాక ఊరు ఉత్తరపు ఒడ్డున జోరుగా పెరిగింది. ఆబిద్ అంగడి ఉన్నచోట ప్యాలెస్ టాకీస్ వెలిసింది. జమరుద్ మహల్, సంతోష్, సప్నా, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ థియేటర్లు ఆ చుట్టుపక్కలే. బట్టలు, బూట్లు, కళ్లద్దాల షాపులకు గిరాకీ తెచ్చిపెట్టింది ఈ హాళ్లేనని నా నమ్మకం. మ్యాట్నీకి గంట ముందే వచ్చినవాడు ఏం చేస్తాడు? అద్దాల వెనక బొమ్మలకు తొడిగిన చొక్కాలు చూస్తాడు. ఈసారి చూసి పోయినా, పండక్కి వచ్చి కొంటాడు.

మా పడమటి కర్నూలుకు ఆ వైభోగమంతా ఆదోనిలోనే. ఒకప్పుడు అది నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. 1800లో కుంపిణీ చేతికి పోయింది. తర్వాత దాన్ని రెండో బొంబాయి అనిపించింది పత్తి. యార్డులో పత్తి అమ్మిన రైతు ఆ డబ్బుతోనే పెళ్లి బట్టలకు, బంగారానికి బజారెక్కేవాడు. చీరల బేరం తెగేసరికి పూట గడుస్తుంది. వెంట వచ్చిన పిల్లలకు ఉగ్గాని బజ్జి, వీలైతే ఓ సినిమా. ఊరికెళ్లాక వాళ్లు చెప్పుకునేది చీరల గురించి కాదు.

ఇప్పుడు ప్యాలెస్ లేదు, జమరుద్ లేదు. మాల్‌లో సినిమా ఉంది, చల్లదనం ఉంది. చేతిలో గోనెసంచి ఉన్నవాడు మాత్రం గుమ్మం దగ్గరే తటపటాయిస్తాడు. ఆబిడ్స్‌లో నాకు నచ్చే రోజు ఆదివారం. మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. సగం చదివి పెట్టేసినా కసురుకునేవాళ్లు తక్కువ. ఆ బేరగాళ్లను అడ్డమనేవాళ్లకు ఫుట్‌పాత్ మీదే ఆపిన కార్లు ఎందుకు కనబడవో!

ఆదోనిలో కూడా రోడ్లు వెడల్పు చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ముందు లేచిపోయేవి తోపుడు బండ్లేనని నా భయం. ఇంజనీర్లకు ఒకటే మనవి: మొదట ఉగ్గాని బండికి చోటు చూపించి, ఆ పక్కన ముసలివాళ్లు కూర్చునేందుకు ఓ అరుగు కట్టించి, మిగిలిన జాగాలో కార్లకు గీతలు గీసుకోండి.

— ఆస్పరి బాటసారి