పిందె రాలితే ముందు కారణం చూద్దాం

విశాఖ అనగానే అందరికీ ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. ఆ నగరం చుట్టూ అనకాపల్లి, విజయనగరం మెట్టల్లో మామిడిని నమ్ముకున్న రైతులు మాత్రం ఎవరి లెక్కలోకీ రారు. సువర్ణరేఖ, బంగినపల్లి చెట్ల కింద పిందె పరుచుకుంటే ఆ రైతుకు నిద్ర పట్టదు. ఆ భయమే కొందరు మందుల వ్యాపారులకు పెట్టుబడి అవుతోంది.

రాలడమంతా రోగం కాదు. మామిడి పూతలో నూటికి ఒకటి కూడా కోతదాకా నిలవదు. చెట్టు తాను మోయగలిగినంతే ఉంచుకుంటుంది. పిందెలో పెరిగే గింజ ఆక్సిన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తుంది. అది తొడిమ గుండా కొమ్మకు అందుతున్నంత కాలం పిందె నిలుస్తుంది. పరాగ సంపర్కం సరిగా జరగకపోయినా, నీటి ఎద్దడి వచ్చినా, తేనెమంచు పురుగు, బూడిద తెగులు సోకినా ఆక్సిన్ తగ్గి ఇథిలీన్‌ది పైచేయి అవుతుంది. అప్పుడు తొడిమ దగ్గర కణాల పొర విడిపోయి పిందె రాలుతుంది. కారణం ఎద్దడి అయితే మందు సీసా కాదు, నీరు కావాలి. పూత మీద పురుగుమందులు కొట్టి ఈగలను, తేనెటీగలను చంపుకుంటే కాయ కట్టేదెలా?

ప్లానోఫిక్స్ వంటి మందుల్లో ఉండే ఎన్.ఎ.ఎ. కృత్రిమ ఆక్సిన్. 4.5 శాతం మందును 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపితే సుమారు 10 పీపీఎం ద్రావణం అవుతుంది. పిందె బఠానీ గింజంత ఉన్నప్పుడు 10 నుంచి 20 పీపీఎం చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ నిలుస్తుందనుకోవడం పొరపాటు. మోతాదు మించిన ఆక్సిన్ చెట్టులో ఇథిలీన్‌నే పెంచుతుంది.

ఆపిల్ తోటలే ఇందుకు సాక్ష్యం. అక్కడ పూత రాలిన కొద్ది రోజులకు, గుత్తిలో పిందెలు పలుచబడి మిగిలిన కాయ పెద్దదయ్యేందుకు ఇదే ఎన్.ఎ.ఎ. కొడతారు. కోతకు ముందు కాయ రాలకుండా ఉండేందుకూ దాన్నే కొడతారు. రాల్చేదీ అదే, నిలిపేదీ అదే. తేడా అంతా అదనులో, మోతాదులో ఉంది. చింతపల్లి, లంబసింగి కొండల్లో ఆపిల్ నాటి చూస్తున్న గిరిజన రైతులూ దీన్ని గుర్తుంచుకోవాలి. ఆపిల్ పిందె పలుచన చేయడానికి ఎన్నో ఏళ్లు వాడిన కార్బరిల్‌ను మన దేశం 2018లో నిషేధించింది. పాత పుస్తకం చూసి ఎవరైనా దాన్ని చెబితే నమ్మవద్దు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం కౌలు తోటల్లో ఉంది. కల్తార్ పేరుతో తెలిసిన పాక్లోబ్యుట్రజాల్ జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను అడ్డుకుని పూతను రప్పిస్తుంది. ఇది నేలలో చాలాకాలం ఉండిపోతుంది. మోతాదు మించితే కొమ్మల ఎదుగుదల కుదించుకుపోతుంది. ఒకటి రెండేళ్లకు తోట కొన్న వ్యాపారి పంట తీసుకుని వెళ్లిపోతాడు. దెబ్బతిన్న చెట్టు రైతుకు మిగులుతుంది. అందుకే తోట కౌలుకిచ్చే ప్రతి సభ్యుడూ ఏ మందు, ఎంత, ఎప్పుడు వాడాలో కాగితంపై రాయించుకోవాలని కోరుతున్నాం.

ఈ మందులు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తాయి. అయినా పేరూ మోతాదూ లేని "కాయ నిలుపు" డబ్బాలు సంతల్లో దొరుకుతున్నాయి. వాటిని తనిఖీ చేసి ఆపాలని, పూతకు ముందే రైతు సేవా కేంద్రాల్లో ఉద్యాన అధికారులు తోటలవారీగా సలహా ఇవ్వాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం. రైతు సోదరులారా, బిల్లు లేకుండా కొనకండి. లేబుల్ చదవకుండా కొట్టకండి. చెట్టు ఒక్క ఏడాది పంట కాదు, మన పిల్లలకు ఇచ్చే ఆస్తి.