తేలు కుట్టినా నోరు మెదపలేని హ్యాకింతోష్

ఐఫోనుకు అప్లికేషను రాయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి. ఎక్స్‌కోడ్ నడవాలంటే మ్యాక్ ఓఎస్ కావాలి. ఆ రెంటినీ ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటరు మీదనే స్థాపించాలని లైసెన్సులు శాసిస్తున్నాయి. 2008లో ఐఫోను ఎస్‌డీకే వెలువడిన నాటి నుంచీ ఇదే వరస. దీనికి చాలామంది పట్టిన అడ్డదారి హ్యాకింతోష్: మామూలు ఇంటెల్ పీసీని మ్యాక్ అని నమ్మించడం.

"2013 నుంచి మ్యాక్ ఓఎస్ ఉచితమే కదా, ఇందులో దొంగతనమేముంది?" అంటారు మిత్రులు. ధర లేకపోవడం వేరు, షరతు లేకపోవడం వేరు. సైస్టార్ అనే అమెరికా సంస్థ, డబ్బిచ్చి కొన్న మ్యాక్ ఓఎస్ ప్రతులనే జతచేసి పీసీలు అమ్మింది. అయినా 2009లో న్యాయమూర్తి విలియం ఆల్సప్ దాన్ని కాపీరైటు ఉల్లంఘనగానే తేల్చారు. సాంకేతిక రక్షణను ఛేదించడం మరో తప్పన్నారు. 2011లో అప్పీలు కోర్టూ ఆ నిషేధాన్ని నిలబెట్టింది.

"అది అమ్మినవాడి సంగతి, ఇంట్లో వాడుకునే నాకేమిటి?" అన్నది తరువాతి వాదన. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను కొన్ని మినహాయింపులు ఇచ్చిన మాట నిజమే. అవి ప్రోగ్రామును న్యాయబద్ధంగా పొందినవాడికి. లైసెన్సు షరతును కాదన్నవాడు ఆ కోవలోకి వస్తాడా అన్నదే అసలు చిక్కు. పైగా ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ళ వరకు జైలని 2012 సవరణ చెబుతోంది. ఇంత సందేహం మీద బతుకుతెరువు కట్టుకోవడం వివేకం కాదు.

చట్టాన్ని పక్కన పెట్టినా కాలం కలిసిరావడం లేదు. 2020లో ఆపిల్ సొంత చిప్పుల వైపు మళ్ళింది. 2025లో వచ్చిన టహోయే ఇంటెల్ మ్యాకులకు చివరి మ్యాక్ ఓఎస్ అని ప్రకటించింది. ఇక ఆ దారి మూసుకుపోతున్నట్టే.

నా అసలు అభ్యంతరం వేరు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక యూనికోడ్ వరుస ఐఫోన్లలో అప్లికేషన్లను కుప్పకూల్చింది. అది ఐఓఎస్ 11.2.6తో గానీ సర్దుకోలేదు. ఇటువంటి దోషాలను ముందుగా పట్టుకోగలిగినవాడు తెలుగు తెలిసిన ప్రోగ్రామరే. హ్యాకింతోష్ మీద పనిచేసేవాడికి ఆ దోషం ఆపిల్‌దో, తాను అతుకులు వేసిన యంత్రానిదో తేలదు. తేలినా, ఏ యంత్రం మీద చూశానో చెప్పుకోలేడు. దొంగకు తేలు కుట్టినట్టే!

అలాగని నేను ఆపిల్‌కు వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆండ్రాయిడ్ స్టూడియో విండోసు మీదా లినక్సు మీదా నడుస్తుంది. ఆపిల్ తన స్విఫ్ట్ భాషను 2015లోనే స్వేచ్ఛగా విడుదల చేసింది, అదీ ఆ రెంటి మీదా నడుస్తుంది. భాషకు లేని సంకెల ఎస్‌డీకేకు ఎందుకు? ఇది యంత్రాలు అమ్ముకునే వ్యాపారమే తప్ప సాంకేతిక అవసరమని నేను నమ్మను.

కనుక నా మాట ఇది. నలుగురు కలిసి ఒక పాత మ్యాక్ మినీ కొనుక్కుందాం, లేదా లైసెన్సు అనుమతించినట్టు రోజు లెక్కన అద్దెకు తీసుకుందాం. ఆపైన తలెత్తుకుని అడుగుదాం: మా లిపి మీ ఫోనులో సరిగా నడవాలంటే, మీ పనిముట్లు మా కంప్యూటర్ల మీద నడవనివ్వండి. చాటుగా వాడుకునేవాడికి ఆ మాట అడిగే హక్కుండదు.